గోడ దగ్గర ఆగిన కబురు

మాలినేయో ఆదివారం తెల్లవారుజామున చనిపోయింది. సోమవారం సాయంత్రానికే ఆమె చావు పార్లమెంటు లెక్కల్లోకి చేరింది.

ఆమె మొగుడు ఖెతీసా మా కొండల తరఫున ఎంపీ. జొన్నకంకి పార్టీ, అంటే ప్రతిపక్షం. ఆమె మేనమామ మొలూపె కనుమ అవతలి లోయకి ఎంపీ. గుర్రపుడెక్క పార్టీ, అంటే ప్రభుత్వం. రాజధాని మసేరులో ఇద్దరూ ఎదురెదురు బెంచీల మీద కూర్చుని ఒకరినొకరు దొంగలని తిట్టుకునేవాళ్ళు. సెలవులకు కొండెక్కి వచ్చి ఒకే కంచంలో మాంసం తినేవాళ్ళు. మాలినేయో వడ్డించేది. "సభలో తిట్లు సభలోనే కడుక్కుని రండి, ఇక్కడ నీళ్ళు తక్కువ" అనేది.

ఆ శుక్రవారం సభలో అవిశ్వాస తీర్మానం ఉంది. అంతకుముందు నెల డెక్క పార్టీ సభ్యులు కొందరు లేచి, స్పీకరుకు తల వంచి, నడుచుకుంటూ వెళ్ళి కంకి పార్టీ బెంచీల్లో కూర్చున్నారు. లెసోతోలో ప్రభుత్వాలు ఎన్నికల్లో ఓడడం కంటే ఇలా నడకతో పడిపోవడమే ఎక్కువ. ఆ నడకతో రెండు పక్షాలూ సరిసమానమయ్యాయి. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోతుంది, ప్రభుత్వం బతికిపోతుంది. డెక్క పార్టీలో ఒక్కడు తగ్గితే చాలు, పడిపోతుంది.

అంత్యక్రియలు శనివారం. ముందురోజు సమాధి తవ్వాలి. మేనమామ మొదటి పలుగు దెబ్బ వెయ్యాలి, తవ్వడం పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. మొగుడు శవాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. రెండూ శుక్రవారమే.

సోమవారం సాయంత్రం ఖెతీసా ముంగిట్లో ఊరి మగవాళ్ళు కంబళ్ళు కప్పుకుని కూర్చున్నారు. మొలూపె అందరిముందూ అడిగాడు.

"శుక్రవారం సభకు వెళ్తావా?"

"పెళ్ళాం పెట్టెలో ఉంటే సభకు ఎలా వెళ్తాను న్తాతె?" అన్నాడు ఖెతీసా. పెద్దవాళ్ళను న్తాతె అని తప్ప మేము పలకరించం.

"నేనూ వెళ్ళలేను. అయితే జత కడదాం. నీ ఓటు ఇంట్లో ఉంటుంది, నా ఓటు గోతిలో ఉంటుంది."

"కడదాం."

సభలో జత అంటే అంతే. ఇటువాడు ఒకడు రాలేకపోతే అటువాడు ఒకడు రాకుండా ఉంటాడు. దానికి కాగితం లేదు, సంతకం లేదు. రెండు పార్టీల విప్‌లూ ఫోన్లో సరేనన్నారు. దేనికీ ఒకరినొకరు నమ్మనివాళ్ళు దీనికి మాత్రం నమ్ముతారు. జబ్బులూ చావులూ రెండు బెంచీలకూ వస్తాయి కాబట్టి.

ఆ మాట విన్నవాళ్ళలో పొట్లాకొ ఉన్నాడు. ఊళ్ళో కంకి పార్టీ శాఖకు అధ్యక్షుడు. అతను పార్టీలో చేరినప్పటి నుంచి, ఇక్కడ గెలిచినా దేశంలో పార్టీ ఓడిపోతూనే ఉంది. కరువు సాయం కింద వచ్చిన మొక్కజొన్న బస్తాలు మా ఊరు దాటి కనుమ అవతలికి పోయేవి. రోడ్డు చదును చేసే యంత్రం కనుమ దాకా వచ్చి వెనక్కి తిరిగింది. మీ ఎంపీ మా వాడు కాదుగా అని డ్రైవరే నవ్వాడు. పొట్లాకొ పెద్ద కూతురు కాన్పుకని ఆ దారిలో గుర్రం మీద వెళ్తూ బిడ్డను పోగొట్టుకుంది. ఇవన్నీ నిజాలే. ఎవరికైనా ఒక కారణం ఉంటుంది. నేను అతని కారణాలు చెప్తున్నాను, సమర్థించడం లేదు.

శుక్రవారం చీకటితోనే ఖెతీసా బండి తీశాడు. "మార్చురీ నుంచి తీసుకొస్తాను" అన్నాడు. అతని అక్క మాతుమెలో గుమ్మంలో నిలబడి కోటు గుండీకి నల్లగుడ్డ ముక్క గుచ్చింది. భార్య పోయినవాడి గుర్తు అది.

మా శ్మశానం ఊరికి పైన, వాలు మీద ఉంది. చుట్టూ నడుమెత్తు రాతిగోడ. మట్టి జానెడే, కింద అంతా రాయి. పొద్దెక్కేసరికి మొలూపె మొదటి దెబ్బ వేశాడు. ఆ వయసులోనూ పలుగు బాగానే ఎత్తాడు. తర్వాత మిగిలినవాళ్ళం వంతులవారీగా దిగాం.

"కంకి పార్టీవాళ్ళు పలుగు పట్టడం ఇదే మొదటిసారి చూస్తున్నాను" అన్నాడు మొలూపె, కింద ఉన్న పొట్లాకొను చూసి.

"డెక్క పార్టీవాళ్ళు గొయ్యి తవ్వడం మేం రోజూ చూస్తున్నాం న్తాతె. దేశానికి."

"అందుకే మాకు అనుభవం ఎక్కువ. అలాక్కాదు, పలుగు ఏటవాలుగా వెయ్యి. రాయి పొర చూసుకుని కొట్టు."

మొసా అనేవాడు రేడియో తెచ్చి గోడ మీద పెట్టాడు. సభలో ప్రార్థన అయిపోయింది, చర్చ మొదలవబోతోంది.

"ఆపు" అన్నాడు మొలూపె. "ఆ అరుపులు ఆవిడ ఇంటిదాకా ఎందుకు?"

"ఇల్లు ఇంకా కాలేదు కదా న్తాతె."

"మరి మనం తవ్వుతున్నదేంట్రా?"

మొసా రేడియో ఆపేశాడు.

కొంతసేపటికి గోడ అవతల మాతుమెలో కనిపించింది. వంట దగ్గర నుంచి నేరుగా వచ్చింది, చేతులకు పిండి ఉంది. సమాధి తవ్వుతుండగా ఆడవాళ్ళు గోడ దాటి లోపలికి రారు. గొయ్యి మీదుగా గొంతెత్తరు కూడా. ఆమె గోడ దగ్గరే నిలబడి, దగ్గర్లో ఊపిరి తీసుకుంటున్న పొట్లాకొకు చెయ్యి ఊపింది. అతను వెళ్ళాడు. వాళ్ళకు కాస్త అవతల నేను గోడవారగా రాళ్ళు పేరుస్తున్నాను.

"న్తాతె మొలూపె కోటు ఇంట్లో వదిలేసి వచ్చాడు" అంది మెల్లగా. "అందులో ఫోను ఒకటే మోత. చివరికి ఎత్తాను. వాళ్ళ విప్పంట. ఖెతీసా సభలో కూర్చున్నాడట."

"ఎవరు?"

"నా తమ్ముడు. నేను గుచ్చిన నల్లగుడ్డతోనే కూర్చున్నాడట. జత తెగిందని ఈయనకు చెప్పమన్నాడు. వాళ్ళు వంతులవారీగా లేచి సాయంత్రందాకా మాట్లాడుతూ ఉంటారట. ఈయన ఇప్పుడు బయల్దేరితే ఓటు వేళకు అందుకుంటాడట. బండి కిందే ఉంది. వెళ్ళి చెప్పు."

పొట్లాకొ కిందున్న బండి వైపు చూశాడు.

"విన్నావా?"

"విన్నాను. నువ్వే పిలిచి చెప్పొచ్చుగా అమ్మా."

"తవ్వుతున్న గోతి మీదుగా నేను అరవాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"చెప్తాలే."

"నువ్వు ఏ పార్టీయో నాకు తెలుసు. నా తమ్ముడిదీ అదే. అయినా నీకే చెప్తున్నాను, దగ్గర్లో నువ్వే ఉన్నావు కాబట్టి. ఇప్పుడే చెప్పు."

"చెప్తానన్నానుగా."

ఆమె కిందికి వెళ్ళిపోయింది. మాంసం అడుగంటుతుందని ఆమె తొందర.

గోడ నుంచి గొయ్యి ఎంతో దూరం లేదు. పొట్లాకొ ఆ కాస్త దూరం చెప్పాలనే నడిచాడు. నేను పక్కనే ఉన్నాను, అతని ముఖం చూశాను. నోరు తెరిచాడు కూడా.

"ఏమంటోంది?" అని మొలూపె గోతిలోంచే అడిగాడు.

"గిన్నెలు చాలడం లేదట."

"గిన్నెలెప్పుడూ చాలవు. ఎద్దును కోసినప్పుడే చెప్పాను, పొరుగూరి నుంచి తెప్పించమని. చెప్తే వింటారా?"

"వినరు."

"పార పట్టుకో. ఈ రాళ్ళు పైకి తోద్దాం."

పొట్లాకొ గోతిలోకి దిగాడు. ఈ రాయి పొర తేలాక చెప్దాం అనుకుని ఉంటాడు. పొర తేలింది. మొలూపె నీళ్ళు తాగడానికి ఆగాడు. అప్పుడూ చెప్పలేదు. ఒకసారి మిగతావాళ్ళం గోడ నీడకు వెళ్ళాం, వాళ్ళిద్దరే గోతి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. మొలూపె మేనకోడలి గురించి చెప్తున్నాడు. చిన్నప్పుడు పశువుల దగ్గరికి తన వెంట వచ్చేదట. దూడ చనిపోతే దాన్ని పాతిపెట్టేదాకా అన్నం ముట్టలేదట. "మొండిది. మీ ఖెతీసాను చేసుకుంటానన్నప్పుడు నేను వద్దన్నాను. కంకి పార్టీ అని కాదు. మాట్లాడేటప్పుడు వాడు ఎదుటివాడి భుజం మీదుగా చూస్తాడు. నా మాట వినలేదు. తర్వాత నాకే అనిపించింది, పర్లేదు, మంచివాడేనని."

పొట్లాకొ పలుగు తీసుకుని గోతిలోకి దూకాడు. ఇక ఎవరికీ వంతు ఇవ్వలేదు. వంచిన తల ఎత్తకుండా కొట్టాడు. "ఈ పట్టుదల ఎన్నికల్లో ఉంటే గెలిచేవాళ్ళు" అన్నాడు మొలూపె. మేం నవ్వాం.

కింద మొలూపెకు పార్టీ ఇచ్చిన బండి కనబడుతూనే ఉంది. డ్రైవరు దాని నీడలో పడుకుని ఉన్నాడు. మొదట ఆ నీడ బండికి ఒక పక్క ఉంది. తర్వాత రెండో పక్కకు మారింది. ఇక బయల్దేరినా అందుకోలేడు.

పొద్దు వాలుతుండగా తవ్వేవాళ్ళకని జొన్నబీరు, సంకటి, మాంసం పంపారు. మొలూపె తినడానికి పైకి రాలేదు. అడుగున గోతి మూల సరిచేస్తున్నాడు. మొసా ఉండబట్టలేక రేడియో చిన్నగా పెట్టాడు. ఈసారి మొలూపె వద్దనలేదు. పని అయిపోవచ్చింది కదా.

సభలో గంట మోగుతోంది. తలుపులు మూశారు. గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నాడు. పిలిచినవాడు తీర్మానానికి సమ్మతమో కాదో చెప్పాలి. కొంతసేపు ఎవరివో పేర్లు వచ్చాయి. తర్వాత మా నియోజకవర్గం పేరు, దాని వెనకే ఖెతీసా పేరు.

మేమంతా నమలడం ఆపాం. రాడు కదా, మార్చురీలో ఉన్నాడు కదా అని మిగతావాళ్ళు అనుకున్నారు.

"సమ్మతం" అన్నాడు ఖెతీసా.

సభలో ఒక వైపు ఈలలు, ఒక వైపు అరుపులు. స్పీకరు సుత్తితో బల్ల మీద కొట్టాడు. గోతిలో పార చప్పుడు ఆగింది.

"గొంతు బాగుంది" అన్నాడు మొలూపె లోపల్నుంచి. "నిన్నటిదాకా జలుబు."

పేర్లు సాగాయి. మొలూపె పేరు వచ్చింది. గుమాస్తా ఆగాడు. మళ్ళీ పిలిచాడు. రేడియోలో ఎవరో దగ్గారు. "సభలో లేరు" అని నమోదు చేశారు. ఆయన మా కాళ్ళ దగ్గర, భుజాల లోతున నిలబడి ఉన్నాడు. మట్టిచేత్తో చెవి రుద్దుకున్నాడు.

ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

మాలో ఎక్కువమంది కంకి పార్టీవాళ్ళం. ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసం చూశాం. కింద ఊళ్ళో ఎవరో ఆడవాళ్ళు విజయధ్వని ఎత్తి, ఏ ఇంటి ముందు ఉన్నారో గుర్తొచ్చి సగంలో మింగేశారు. మేము మా కాళ్ళకేసి చూసుకున్నాం. మొసా రేడియో ఆపి కంబళి కింద పెట్టుకున్నాడు, తనే దొంగిలించినట్టు.

మొలూపె చెయ్యి పైకి చాపాడు. పొట్లాకొయే దగ్గర ఉన్నాడు, పట్టుకుని లాగాడు. ముసలాయన పైకొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"చివరికి గిన్నెలు సరిపోయాయా?" అన్నాడు.

పొట్లాకొ పెదవులు కదిలాయి.

"సరేలే. అడుగున ఇంకాస్త చదును చెయ్యాలి. పెట్టె ఒరిగిపోతుంది. ఎవరైనా దిగండి."

పొట్లాకొయే దిగాడు.

రాత్రి బాగా పొద్దుపోయాక పెట్టె వచ్చింది. వెనక కంకి పార్టీ బండ్లు వరసగా వచ్చాయి. ఊరి మొదట్లో హారన్లు మానేశారు. అంతమాత్రం సిగ్గు వాళ్ళకు ఉంది. మాతుమెలో వాకిలికి అడ్డంగా నిలబడింది. "జెండా పీకెయ్" అంది తమ్ముడితో. ఖెతీసా బండి ముందున్న జెండా తనే పీకి సీటు కింద పెట్టాడు. పెట్టె దించేటప్పుడు ముందు ఒక పక్క మొగుడు, ఒక పక్క మేనమామ పట్టారు. మొలూపె "మెట్టుంది, చూసుకో" అన్నాడు. అంతే. ఖెతీసా ఆయన భుజం మీదుగా ఎటో చూశాడు.

భార్య పోయినవాడికి ఊళ్ళో కొద్ది రోజులు ఒక మర్యాద ఉంటుంది. అతని ముందు ఎవరూ గట్టిగా మాట్లాడరు, అతని మాటను ఎవరూ అనుమానించరు. అది అతనిది కాదు, చనిపోయినదానిది. ఆమె అతనికి చివరిగా పెట్టిపోయేది. నాకూ దక్కింది కాబట్టి దాని బరువు తెలుసు. ఖెతీసా దాన్ని తీసుకెళ్ళి సభలో వాడుకున్నాడు.

జనంలోంచి వెళ్తూ అతను పొట్లాకొ మోచెయ్యి నొక్కాడు. "ఆయన రాలేదంటే నువ్వే ఏదో చేసి ఉంటావు. మర్చిపోను" అన్నాడు. నేను వెనకే ఉన్నాను.

శనివారం ఉదయం ముంగిట్లో పెట్టె ముందు మాట్లాడేవాళ్ళు మాట్లాడారు. చర్చివాళ్ళు, చుట్టాలు, పొదుపు సంఘం ఆడవాళ్ళు. తర్వాత పార్టీలవాళ్ళు. మా దగ్గర ఎవరి చావుకైనా రెండు పార్టీలూ వస్తాయి. డెక్క పార్టీ విప్ లేచాడు. రాత్రంతా నిద్రలేనివాడిలా ఉన్నాడు. మాలినేయోను రెండు మాటలు పొగిడి, మొలూపె వైపు తిరిగాడు.

"మా పెద్దాయన ఇక్కడే ఉన్నాడు. ఆయన్ను పోగొట్టుకున్నామో, అమ్ముకున్నామో మాకింకా తెలియదు. నిన్న ఉదయమే ఫోన్ చేశాం. సాయంత్రందాకా మావాళ్ళు గొంతులు పోయేలా మాట్లాడారు, ఆయన వస్తాడని. ఎవరి దగ్గర ఏం పుచ్చుకుని రాలేదో ఈ పెట్టె ముందు చెప్తే బాగుంటుంది."

చావింట అలా మాట్లాడకూడదు. అయినా ఎవరూ ఆపలేదు. కంకి పార్టీవాళ్ళం ఆపాల్సింది. ఆయన ఎందుకు రాలేదో మాకు తెలుసు, గోతిలో ఉన్నాడు.

మాతుమెలో లేచింది. "ఆ ఫోను ఎత్తింది నేను. అప్పుడే కబురు పంపాను."

"ఎవరితో?"

"పొట్లాకొతో."

కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. పొట్లాకొ గోడవారగా, తవ్వినవాళ్ళతో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చాలు, ముసలాయన పరువు నిలబడుతుంది. ఆ మాట ఏమిటో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నేను గోడ దగ్గర విన్నాను, గోతి దగ్గరా విన్నాను. నేనూ నోరు విప్పలేదు.

"చెప్పాను" అన్నాడు పొట్లాకొ.

మాతుమెలో మొలూపెను చూసింది. విప్పూ చూశాడు. ముసలాయన మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. కాదు అంటే చాలు. పెట్టె ముందు రెండు మాటలు ఎదురెదురు నిలబడతాయి. జనం ఎవరిని నమ్ముతారో అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు.

"చెప్పాడు" అన్నాడు మొలూపె. "నేనే కదల్లేదు."

"ఎందుకు?" అన్నాడు విప్.

"సమాధి సగంలో ఉంది."

"ప్రభుత్వం పోతుందని తెలిసీనా?"

"కూర్చో బాబూ. ఆమెకు ఆలస్యమవుతోంది."

పాట ఎత్తుకున్నారు. పెట్టె లేచింది.

మట్టి పూడ్చేటప్పుడు పార చేతులు మారుతుంది. మొలూపె తన వంతు వేసి, పక్కన ఎవరున్నారో చూడకుండానే పార చాపాడు. పొట్లాకొ అందుకున్నాడు. తర్వాతివాడు చెయ్యి చాపినా ఇవ్వలేదు. దిబ్బ తేలేదాకా తనే పోశాడు. కొత్తవాళ్ళు కొందరు, పాపం ఎంత దుఃఖపడుతున్నాడో అన్నారు.

డెక్క పార్టీవాళ్ళు భోజనానికి ఆగలేదు. విప్ మొలూపె డ్రైవరును పిలిచి బండి తాళాలు తీసుకున్నాడు. అది పార్టీ బండి. ముసలాయన చేతికర్ర తీసుకుని కంబళి బిగించుకున్నాడు. పొట్లాకొ పరుగున వెళ్ళి తన గుర్రాన్ని జీను కట్టి తెచ్చాడు.

"ఎక్కండి న్తాతె. తర్వాత ఎవరినైనా పంపి తెప్పించుకుంటాను."

"వద్దులే. నడుస్తాను. దగ్గరే."

"న్తాతె, నేను నిన్న..."

"నిన్న బాగా తవ్వావు" అన్నాడు మొలూపె. అతని ముఖంలోకి సూటిగా చూసి అన్నాడు. తర్వాత దారి పట్టాడు.

దగ్గరేమీ కాదు. కనుమ ఎక్కి దిగాలి. పొట్లాకొ కళ్ళెం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లోపల్నుంచి పిలిచారు. అతను గుర్రానికి జీను విప్పి, కట్టేసి, లోపలికి వెళ్ళాడు. ఖెతీసా పక్కన చోటిచ్చారు. పెద్ద ముక్క వడ్డించారు.

తిన్నాడు. మేమూ తిన్నాం.